అమ్మ నీళ్ళోసుకునిందన్న మాట

మా పైవాటా వాళ్ళు నిన్న పచ్చి చింతకాయలు నూరారు. నూరారంటే రోట్లో కాదు, మిక్సీలో. అయినా ఆ వాసన మిక్సీకి లొంగేది కాదు గనక, పసుపూ ఉప్పూ చితికిన తొక్కల వగరూ కలుపుకొని, నెల్లూరులో మా అమ్మాయి కొనుక్కున్న ఈ అపార్టుమెంటు బాల్కనీ మీదుగా దిగి, వత్తులు చేసుకుంటున్న నా ఒళ్ళో వచ్చి కూర్చుంది. చింతకాయ వాసనకు ఎవరికైనా పళ్ళు పులుస్తాయి. నాకిప్పుడు పులవడానికి పళ్ళు లేవు కాబట్టి ఆ పులుపు సరాసరి కళ్ళలోకి వచ్చింది.

చింత రెండు రకాలు, చెట్టుకు కాసేది ఒకటి, మనిషికి పట్టేది ఒకటి. మద్రాసులో మేము కాపురమున్న పేట పేరు చింతాద్రిపేట. పేరులోనే కొండంత చింత ఉన్నా అక్కడున్న ఎనిమిదేళ్ళూ చింత అంటే చారులో పిసికేదని మాత్రమే నాకు తెలుసు. కూవం మీదుగా వచ్చే ముతకవాసన, దాన్ని కప్పేయడానికే పూసినట్టుండే మల్లెల బుట్టలు, తిప్పితే చాలు బుసకొట్టి నీళ్ళు పోసే కుళాయి, నొక్కితే వెలిగే దీపం, ఆదివారం సాయంత్రం సముద్రపొడ్డున ఇసుకతో కలిపి నమిలిన సెనగలు, వీధి చివర మలుపు తిరుగుతూ ణంగుమని మోగే ట్రాము, ఇవన్నీ పుట్టినప్పటి నుంచీ నా పేరున రాసిపెట్టి ఉన్నాయనుకునేదాన్ని. ఆ ట్రాము గంట వినబడగానే మా తమ్ముడు రఘు ఎక్కడున్నా పాక్కుంటూ, తర్వాత తప్పటడుగులతో, గుమ్మం దాకా వచ్చి "ణంగు" అనేవాడు. ట్రాము పోయాక వెనక్కి తిరిగి, దాన్ని తనే పంపించినట్టు అమ్మ వంక చూసేవాడు.

స్వరాజ్యం వచ్చిన మరుసటి ఏడు ఎండాకాలంలో వాడికి మూడు రోజులు జ్వరం వచ్చింది. నాలుగో రోజు లేదు. రెండేళ్ళు నిండని బిడ్డ గనక పూడ్చిపెట్టారు. ఆడవాళ్ళు రాకూడదన్నారు కాబట్టి వాణ్ణి పెట్టిన చోటు అమ్మ చూడలేదు. ఆ తర్వాత ట్రాము గంట మోగినప్పుడల్లా అమ్మ వంట మధ్యలో లేచి గుమ్మం దాకా పోయి నిలబడేది. ఒకసారి పొయ్యి మీద అన్నం మాడి ఇల్లంతా పొగ నిండినా కదల్లేదు. మోటారు సామాన్ల కొట్టులో గుమాస్తాగా ఉన్న నాన్న ఆ రోజే ఉదయగిరిలో ఉన్న వాళ్ళమ్మకు జాబు రాశాడు. ఆమె ఎవరితోనో చెప్పించి, ఆత్మకూరులో ఒక బస్సు ఆఫీసులో టిక్కెట్లు రాసే పని చూసిపెట్టింది.

అమ్మ రానంది. ఆమె మద్రాసులో పుట్టి, మద్రాసులో పెరిగి, అరవంలో నానబెట్టి ఆరేసిన తెలుగు మాట్లాడే మనిషి. కానీ రాననడానికి కారణం అది కాదు.

"వాణ్ణి ఇక్కడ ఒక్కణ్ణే వదిలేసి నేనెక్కడికి వచ్చేది?" అంది.

"ఒక్క ఏడాది చూద్దాం కమలా. వచ్చే ఎండాకాలానికి కూడా నువ్వు పోదామనే అంటే తిరిగొచ్చేద్దాం. నేను అడ్డం చెప్పను," అన్నాడు నాన్న.

ఆ మాట పట్టుకొని అమ్మ బయలుదేరింది. ట్రంకు పెట్టె సర్దుకుంది గానీ, అది తిరిగి రావడానికి సర్దిన పెట్టె అని నాకు తర్వాత తెలిసింది.

నెల్లూరు నుంచి ఆత్మకూరుకు బొగ్గు బస్సు. వెనకాల పొయ్యిలాంటిదొకటి కట్టి ఉండేది, దాన్ని ఒక మనిషి చెమటలు కక్కుతూ తిప్పితే బస్సు దగ్గుతూ లేచేది. ఎత్తు వచ్చినప్పుడల్లా మగవాళ్ళు దిగి తోశారు. బస్సు మమ్మల్ని తెచ్చిందో మేమే బస్సును తెచ్చామో ఇప్పటికీ చెప్పలేను. పట్నం నుంచి వచ్చేవాళ్ళం దొరసానుల్లా దిగి ఊరిని అబ్బురపరుస్తామని నేను దారంతా ఊహించుకున్నాను. దిగేసరికి మసిబొగ్గుల్లా ఉన్నాం. ఊరు అబ్బురపడిన మాట నిజమే.

ఇల్లు బజారు వీధిలో ఒక శెట్టిగారి మిరపకాయల కొట్టు వెనక వాటా. శెట్టిగారు ముందర కొట్టుకి అధిపతి, ఆయన భార్య రంగమ్మ వెనక ఇళ్ళన్నిటికీ అధిపతి. కుళాయి తిప్పిన చేతులకు చేంతాడు దొరికింది. రెండో రోజుకే అమ్మ అరచేతులు బొబ్బలెక్కాయి. మా బావిలోవి ఉప్పునీళ్ళు, వాటిలో పప్పు ఉడకదు, మనిషి మాత్రం ఉడికిపోతాడు. మంచినీళ్ళకు ఊరిచివరి దాకా పోవాలి. వానలు రాని వానాకాలం చూశాను. మిరపకాయల బస్తాలు దించిన రోజున వీధి వీధంతా ఒకే తాళంలో తుమ్మడం చూశాను. సజ్జరొట్టె అంచు కరకరా, మధ్యలో మెత్తగా ఉంటుందనీ, రాగిసంగటిని నమలకూడదు, శెనక్కాయల పచ్చడి అద్దుకొని మింగాలనీ, గొంతులో అది దిగేటప్పుడు కళ్ళు పెద్దవి చెయ్యకపోతే పక్కపిల్లలు నవ్వరనీ నేర్చుకున్నాను.

నవ్వడానికి వాళ్ళకు నా నోరు చాలేది. బళ్ళో నా పేరు మూడు రోజులే బతికింది, నాలుగో రోజు నుంచి నేను 'పట్నం'. "ఎక్కడ" అంటే నవ్వు, "ఎలా" అంటే నవ్వు. తొక్కుడుబిళ్ళ ఆటలో గీత తొక్కినా క్షమించేవాళ్ళు గానీ "ఉంది" అంటే క్షమించేవాళ్ళు కాదు. "ఉండాది అనవే పట్నం," అని జడ లాగేవాళ్ళు. అందుకని గచ్చకాయలు ఎగరేస్తూ ఒక్కొక్క మాటా పట్టుకున్నాను. పిల్లలు పిలకాయలయ్యారు, మధ్యాహ్నం పైటాల అయింది, నాన్న నాయన అయ్యాడు. మూడు నెలల్లో నా నాలుక ఆత్మకూరుకు బదిలీ అయిపోయింది. అమ్మ నాలుక మాత్రం ట్రంకు పెట్టెలోనే ఉండిపోయింది. ఆమె నోరు తెరిస్తే బావి దగ్గర ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు, అందుకని ఆమె నోరే తెరిచేది కాదు.

దసరా సెలవులకు ఉదయగిరిలో అవ్వ దగ్గరికి పోయాం. అక్కడ ఏ ఇంటి వాకిట్లో నిలబడి తలెత్తినా దుర్గం కొండే కనిపించేది. పొద్దున నీలంగా, పైటాలకు బూడిదరంగుగా, సాయంత్రం కాలిన ఇటుకలా మారేది. కొండ నుంచి బుట్టల్లో సీతాఫలాలు దిగేవి. అవ్వ వాటిని వరిగడ్డిలో పొదిగి, రోజూ పొద్దున్నే గడ్డిలోకి చెయ్యి పోనిచ్చి, కోడికింద గుడ్లు చూసినట్టు నొక్కి చూసేది. పండినది దొరికితే ముందు వాసన చూసి, తర్వాత నాకిచ్చి, గింజలు లెక్కపెట్టి ఉమ్మమనేది. ఎందుకంటే చెప్పేది కాదు. అవ్వ చాలావాటికి ఎందుకో చెప్పేది కాదు.

ఒక పొద్దున గడ్డి కదిలిస్తూ, పక్కన కూర్చున్న అమ్మతో, "పోయిన బిడ్డ పేరు ఇంట్లో ఎత్తగూడదమ్మే. ఎత్తినావంటే వాడు గడప దాటి పోలేడు," అంది.

అవ్వ మాటలో కోపం లేదు, కోడలి మీద జాలే ఉంది. కానీ ఆ రోజు నుంచి మా ఇంట్లో ఆ పేరు లేదు. నాయన ఎత్తలేదు, నేను ఎత్తలేదు, అమ్మ అంతకు ముందే ఏ పేర్లూ ఎత్తడం మానేసింది. నాగులచవితి నాడు అమ్మ పాలు పొంగించి పరమాన్నం వండింది. అది రఘు పుట్టినరోజని ముగ్గురికీ తెలుసు. ముగ్గురం తలవంచుకొని తిన్నాం. బాగుందని కూడా ఎవరం అనలేదు.

మార్గశిరం వచ్చేసరికి అమ్మ మంచం పట్టింది. జబ్బేమీ లేదు. నాయన పనికి పోయాక పడుకునేది, ఆయన వచ్చే వేళకు లేచేది. మధ్యలో గోడవైపు తిరిగి ఏడ్చేది. అన్నం పెట్టుకుంటే రెండు ముద్దలు తినేది, ఒక్కోసారి అదీ కక్కేసేది. "ఎవరైనా వస్తే స్నానం చేస్తోందని చెప్పు," అని నాకు అప్పజెప్పింది.

ఆత్మకూరులో స్నానం అనేది పంతుళ్ళూ పుస్తకాలూ చేసేది. మామూలు మనుషులు నీళ్ళు పోసుకుంటారు. పొద్దునే ఏ ఇంట్లో చూసినా "నీళ్ళోసుకున్నావా లేదా" అనే అరుపులే వినిపించేవి. కాబట్టి ఒక పైటాల రంగమ్మ పెద్దమ్మ వాకిట్లోకి వచ్చి, "ఏందే అమ్మణ్ణీ, మీ అమ్మ నాలుగు దినాలుగా కనబళ్ళేదు. ఒంట్లో బాగాలేదా?" అన్నప్పుడు, అమ్మ పరువును కాపాడే పని, నా కొత్త నాలుకను ప్రదర్శించే పని ఒకే మాటతో చేద్దామనుకున్నాను.

"బాగానే ఉండాది పెద్దమ్మా. నీళ్ళోసుకునింది," అన్నాను.

అదే నా మొదటి అనువాదం. 'నీళ్ళోసుకుంటా ఉండాది' అని ఉంటే గొడవే లేకపోను. ఒళ్ళు తేలిపోయి, తిన్నది ఇమడక, మంచం దిగని ఆడమనిషి గురించి 'నీళ్ళోసుకునింది' అంటే కడుపుతో ఉందని అర్థమని, అది ఆత్మకూరులోనే కాదు తెలుగు దేశమంతటా అంతేనని, తొక్కుడుబిళ్ళలో నాకెవరూ నేర్పలేదు.

పెద్దమ్మ మొహం వెలిగింది. "ఎన్నాళ్ళయిందే?"

"ఇప్పుడే పెద్దమ్మా."

"మీ నాయనకు తెలుసునా?"

"తెలీదు. నాయన పనికి పోయినాకనే."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, "సరే, నువ్వు పోయి ఆడుకోపో," అని వేగంగా వెళ్ళిపోయింది. నాకు చాలా గర్వంగా అనిపించింది.

మర్నాడు పైటాల ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. ముందు రంగమ్మ పెద్దమ్మ, చేతిలో ఇత్తడి గిన్నె, గిన్నె నిండా అప్పుడే నూరిన చింతకాయ తొక్కు. వెనక గానుగింటామె, ఆకులో నువ్వులుండలు. ఆ వెనక మా బడి టీచరు ఏస్తేరమ్మ, బాప్టిస్టుల ఇంటి తెల్లచీర, చేతిలో నాలుగు నారింజలు. నారింజలు ఆ ఊళ్ళో దొరికేవి కావు, ఎక్కణ్ణుంచి తెప్పించిందో తెలియదు. అమ్మ గబగబా లేచి జుట్టు ముడేసుకుంది. ఆర్నెల్లలో మా వాటా గడప దాటి లోపలికి వచ్చిన మొదటి మనుషులు వాళ్ళు.

"కూర్చో కమలమ్మా, నువ్వెందుకు లేచేది. పులుపు మీద మనసు పోతా ఉంటాది గదా అని తెచ్చినా. ఎన్నో నెల?" అంది పెద్దమ్మ.

"ఏమిటి?" అంది అమ్మ.

"మాదగ్గర దాస్తే దాగుతాదా. నీ బిడ్డే చెప్పింది, నీళ్ళోసుకునిందని."

అమ్మ నా వంక చూసింది. "ఏం చెప్పావే?"

"స్నానం చేస్తోందని," అన్నాను.

అమ్మకు మెల్లగా అర్థమయింది. ముందు నవ్వు వచ్చింది. రఘు పోయాక నేను వినని నవ్వు. ఆపుకోలేక మంచం పట్టె పట్టుకుంది. వాళ్ళు ముగ్గురూ ఏమిటో తెలియకుండానే కొంచెం కొంచెం నవ్వడం మొదలుపెట్టారు. అంతలో ఆ నవ్వు ఎక్కడో మెలితిరిగి ఏడుపయింది. అంత ఏడుపు నేను మళ్ళీ వినలేదు. ఆ ఏడుపు మధ్యలోనే, ఆ అరవం నానిన తెలుగులోనే, జ్వరం వచ్చిన మొదటి రోజు నుంచి పూడ్చిపెట్టి వచ్చిన మగవాళ్ళు గుమ్మంలో కాళ్ళు కడుక్కోవడం దాకా చెప్పింది. "వాణ్ణి అక్కడ ఒక్కణ్ణే వదిలేసి వచ్చామక్కా. ఎక్కడ పెట్టారో కూడా నాకు తెలీదు," అంది. ఈసారి ఆమె మాటకు ఎవరూ ఒకరి మొహాలొకరు చూసుకోలేదు.

రంగమ్మ పెద్దమ్మ ఓదార్చే మనిషి కాదు. "ఏడిస్తే ఏడువు గానీ కూడు తిని ఏడువు," అంది. తర్వాత వేళ్ళు ముడుస్తూ, "నాకూ ముగ్గురు పోయినారు. వెంకటేశులు, పోలేరి, ఇంకొకటి ఆడబిడ్డ, లచ్చుమి అనుకున్నాం. ముగ్గురూ ఈ ఊరి మట్టిలోనే ఉండారు. ఒక్కదినమన్నా పోయి చూసినానా? మట్టికేం తెలుస్తాది. పేరు పెట్టి పిలిచేదానికి నేనుండాను గదా," అంది. "మీవాడి పేరేంది?"

ఉదయగిరి అవ్వ మాట ఆమెకూ గుర్తుండే ఉంటుంది. అమ్మ గడప వైపు ఒకసారి చూసింది.

"రఘు," అంది.

"రఘు," అంది పెద్దమ్మ. "మంచి పేరు." గానుగింటామె కూడా అంది. ఏస్తేరమ్మ టీచరు అమ్మ తల మీద చెయ్యి వేసి కళ్ళు మూసుకొని, రఘు అనే ఈ బిడ్డను నీ ఒళ్ళో పెట్టుకో తండ్రీ అని ప్రార్థన చేసింది. చివర్లో ఏమనాలో తెలియక పెద్దమ్మ "గోవిందా" అంది. టీచరు కళ్ళు తెరవకుండానే సరేనన్నట్టు తల ఊపింది.

ఎవరైనా గిన్నెతో ఏదైనా ఇస్తే ఆ గిన్నె ఉత్తదిగా తిరిగి ఇవ్వకూడదు. ఇది మద్రాసులోనూ ఉన్న మర్యాదే. మర్నాడు పొద్దున ఆ ఇత్తడి గిన్నెలో పెట్టడానికి ఇంట్లో ఏమీ లేక అమ్మ ట్రంకు పెట్టె తెరిచింది. అడుగున మద్రాసు అప్పడాలు ఉన్నాయని తెలుసు, వాటిని అందుకోవాలంటే పైనున్నవన్నీ తీయాలి. ఒక్కొక్కటే తీసి మంచం మీద పెట్టింది. రఘు చొక్కాలు నాలుగు, మొలతాడు, ఒక కొయ్య గిలక. అప్పడాలు గిన్నెలో పెట్టి నాతో పంపింది. నేను తిరిగొచ్చేసరికి బట్టలన్నీ గూట్లో ఉన్నాయి. పెట్టె ఖాళీగా, మూత తెరుచుకొని ఎండలో ఉంది.

ఎండాకాలం వచ్చింది. నాయన మాట తప్పే మనిషి కాదు. ఒక రోజు పనికి పోతూ వాకిట్లో ఆగి, "ఏడాది అవుతోంది కమలా. రేపటి బస్సులో సీట్లు పెట్టించమంటావా?" అని అడిగాడు. నేను తలుపు వెనక గచ్చకాయలు పట్టుకొని నిలబడ్డాను. నాకప్పటికి ఏ జవాబు కావాలో నాకే తెలియదు. అమ్మ దొడ్లో మంచం మీద పాత చీర పరిచి వడియాలు పెడుతోంది. చేతికి పిండి.

"వడియాలు ఎండబెట్టుండాను. ఇప్పుడెట్టా పోయేది?" అంది.

ఎట్టా అంది. ఆ మాట ఆమెకు ఎవరు నేర్పారో, ఎప్పుడు నేర్చుకుందో. నాయన బావి దగ్గరికి పోయి, అప్పటికే కడుక్కున్న మొహాన్ని మళ్ళీ చాలాసేపు కడుక్కున్నాడు.

ఆ తర్వాత ప్రతి నాగులచవితికి రంగమ్మ పెద్దమ్మ పుట్టలో పాలు పోసి వస్తూ మా గడప ముందు ఆగేది. "ఉంటే ఎన్నేళ్ళే కమలమ్మా?" అని అడిగేది. "మూడు నిండేవక్కా," అనేది అమ్మ. మరుసటి ఏడు నాలుగు. బడికి పోయేవాడు. అయిదో తరగతి. లెక్కల్లో మాత్రం దీనిలా ఉండేవాడు కాదు, అని నన్ను చూపించేది. ఇద్దరూ కాస్త నవ్వుకునేవాళ్ళు, పెద్దమ్మ పోయేది. అంతే. మా తమ్ముడు ఆత్మకూరులో అలా ఏడాదికొకసారి, ఒక్క నిమిషం సేపు, పెరిగాడు. ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు శెట్టిగారి కొట్లో మగవాళ్ళు పట్నం మనకు దక్కకుండా పోయిందని రోజంతా వాదించుకున్నారు. అమ్మ చేట చెరుగుతూ, "వీళ్ళకిప్పుడు పోయింది," అంది.

ఆమె మళ్ళీ మద్రాసు పోలేదు. పెళ్ళయి నేను ఊరు విడిచాక, ఒక ఏడు రంగమ్మ పెద్దమ్మ కాలం చేసింది. ఆ ఏటి నాగులచవితికి అమ్మ మా ఇంట్లో ఉంది. వంటింట్లోకి వచ్చి, ఎవరూ అడక్కుండానే, "ముప్పై నిండేవే," అంది. నేను పిల్లల క్యారియర్లు కడుతున్నాను. "ఊఁ," అన్నాను. అమ్మ కాసేపు నిలబడి వెళ్ళిపోయింది. తర్వాత ఇంక ఎప్పుడూ చెప్పలేదు. నా జీవితంలో నేను చేసిన తప్పుడు అనువాదాల్లో మొదటిదాన్ని అందరూ క్షమించారు. ఈ 'ఊఁ'ను క్షమించడానికి ఎవరూ లేరు.

పోయిన ఏడు ఆత్మకూరు తీసుకుపొమ్మంటే మా మనవరాలు కారులో తీసుకుపోయింది. రోడ్డు వెడల్పు చేశారు. శెట్టిగారి కొట్టు ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు, వెనక వాటా లేదు, బావి పూడ్చి మీద బండలు వేశారు. ఆ వీధిలో ఇప్పుడు ఎవరూ నీళ్ళు పోసుకోరు, అందరూ బాత్ చేస్తారు. గానుగింటి వాళ్ళు ఎవరో చెప్పగలిగిన మనిషి ఒక్కరూ కనబడలేదు.

ఈ నాగులచవితికి పొద్దున్నే లేచి, నీళ్ళు పోసుకొని, హాల్లో కుర్చీలో కూర్చున్నాను. మా అపార్టుమెంటు తలుపుకు బయటివాళ్ళను చూడటానికి చిన్న అద్దపు కన్నొకటి ఉంది. ఎందుకు లేచానో తెలియదు గానీ లేచి, దానికి నా కన్ను ఆనించి చూశాను. వరండా ఖాళీగా, కడిగిన నేల మెరుస్తూ ఉంది. ఉంటే డెబ్బై ఎనిమిది నిండేవి. ఆ పేరు తెలిసినవాళ్ళలో ఇప్పుడు నేనొక్కదాన్నే ఉండాను.